సీమోను ఆట కోసం నేను పోయిన మూడుసార్లు

ప్రతి నానమ్మా బతికుండగానే కనీసం మూడుసార్లు చనిపోవాలని నా గట్టి అభిప్రాయం. ఒంటికి మంచిది, దేశానికి ఇంకా మంచిది!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. యాకుత్‌పురా స్టేషను వెనక సందులో ఉండే కాశమ్మను. వరసగా మూడుసార్లు పోయాను, మూడుసార్లూ ఆఫీసు సీలు పడింది. ఇంత పక్కా చావు మీ ఇళ్లలో ఎవరికైనా దొరికిందా?

ఇదంతా మా మనవడు సీమోను పుణ్యం. వాడు ఒక సర్కారు గోదాములో పని చేస్తాడు. ఏ గోదామో చెప్పను, వాడికి ఇంకా చాలా సర్వీసు ఉంది. బస్తాలెత్తే వాడి భుజాలను సికింద్రాబాదు మిలిటరీ కోచ్ ఒకాయన చూశాడు. చూసి రగ్బీలోకి లాక్కుపోయాడు. అక్కడి నుంచి కలకత్తా, కలకత్తా నుంచి ఏకంగా ఇండియా జట్టు!

రగ్బీ అంటే మీకు తెలియదు కదా? మా సందులోనూ తెలియదు. అదే అదృష్టం. క్రికెట్ ఆడేవాడి ఇంట్లో చూడండి, పాలుపోసేవాడు కూడా బ్యాటు ఎలా పట్టాలో చెప్పి వెళతాడు. మా వాడికి ఆ బాధ లేదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చంకలో పెట్టుకుని ముందుకు పరుగెత్తాలి, చేత్తో ఇస్తే మాత్రం వెనకవాడికే ఇవ్వాలి. మా వాడి ప్రమోషను ఫైలు కూడా ఇలాగే నడుస్తోంది కాబట్టి నాకు చప్పున అర్థమైంది.

సీమోను ఫార్వర్డ్. ఎనిమిదిమంది ఇటు, ఎనిమిదిమంది అటు, తలలు వంచి, భుజాలు ఆనించి ఒకళ్లనొకళ్లు తోసుకుంటారు. మా వాడు ముందు వరస. నలిగి నలిగి వాడి చెవులు పకోడీలయ్యాయి. చిన్నప్పుడు ఆ చెవులకు నేనే నూనె రాసేదాన్ని.

మా సందుకు ఎంత లాభమో చూడండి! సిటీ బస్సు మొరాయిస్తే తోసేది ఎవరు? పక్కింటి ఆగయ్య ఇనప బీరువాను మేడ మీదికి ఎక్కించింది ఎవరు? అంతర్జాతీయ ఆటగాడు! బంజారాహిల్స్ దొరలకైనా ఉందా ఈ సౌకర్యం?

ఆ బీరువా ఎక్కించిన రోజే ఆగయ్య అడిగాడు. "ఏం అవ్వా, గా తోసుడు ఆటకు మీ పోరనికి ఏమన్న ఇస్తరా?"

"ఏమియ్యరు బిడ్డా."

"మరి ఉత్తగనే తన్నులు తింటడా?"

"ఉత్తగనే ఎట్లయితది? నేను సచ్చి పంపుతున్న గదా!"

ఆ సంగతి చెబుతాను. వాళ్ల ఆఫీసులో ఒక లిస్టు ఉంది. అందులో ఉన్న ఆటలకే సెలవు. క్రికెట్ ఉంది, హాకీ ఉంది, కబడ్డీ ఉంది. క్యారమ్స్ కూడా ఉంది! కూర్చుని ఆడేదానికి సెలవెందుకని అడగకండి, లేవడానికి టైము పడుతుంది. రగ్బీ మాత్రం లేదు. సూపరింటెండెంటు వెంకటనారాయణ గారు చెడ్డవారు కారు, రూల్సు మనిషి. సిలోన్‌లో మొదటి ఆట పడ్డప్పుడు సీమోనుతో ఒకటే మాట అన్నారట. "లిస్టుల లేని ఆటకు నేనెట్ల లీవిస్త భాయ్? ఎవరన్న పోయిన్రంటె చెప్పు, పది దినాలు ఇప్పుడే ఇస్త."

వాడు ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు.

"గింతదానికి ఫికరెందుకురా? నన్ను సంపెయ్" అన్నాను.

అలా సిలోన్‌కు నానమ్మగా పోయాను. హాంకాంగ్‌కు అమ్మమ్మగా పోయాను. సింగపూరు వచ్చేసరికి చుట్టాలు అయిపోయారు, అందుకని వాళ్ల తాత రెండో భార్యగా పోయాను. మా ఆయన బతికున్నన్నాళ్లూ పరాయి ఆడదాన్ని కన్నెత్తి చూడలేదు. పోయిన పదేళ్లకు ఆయనకు రెండో పెళ్లి చేసిన ఘనత నాది!

సింగపూరు నుంచి వాడు వచ్చిన మర్నాడు ఆదివారం. ఎవరో తలుపు కొట్టారు. తీస్తే వెంకటనారాయణ గారు, చేతిలో బంతిపూల దండ, ఒక అత్తం అరటిపండ్లు. వెనక ఆఫీసు వాళ్లు ఆరుగురు.

"మీరెవరమ్మా?" అన్నారు.

"పోయినామెకు అక్కను" అన్నాను. నోటికి అదే వచ్చింది.

పోయినామె ఫోటో లేదంటే ఏసుప్రభువు పటానికి దండ వేసి దణ్ణం పెట్టారు. అంతలో సీమోను లోపలి నుంచి వచ్చాడు. ముక్కు విరిగి వంకరపోయింది, రెండు కళ్లూ వాచి మూసుకుపోయాయి. సూపరింటెండెంటు గారు వాణ్ణి పట్టుకుని తానే ఏడ్చినంత పని చేశారు.

"అరె సీమోనూ, ఎంత ఏడ్చినవురా! నా సర్వీసుల గిట్ల దుఃఖపడ్డోణ్ణి సూడలే!"

అడక్కుండానే ఇంకో మూడు రోజులు సెలవిచ్చి వెళ్లారు. నాకోసం ఏడుగురొచ్చారండీ! దేశం కోసం ఆడి వచ్చినవాడు నాంపల్లి స్టేషనులో దిగితే మూడుసార్లూ ఎదురెళ్లింది ఒక్కరే. ఆ ఒక్కరూ పోయినామే.

ఇప్పుడు బ్యాంకాక్. సీమోనుకు ముప్పైమూడు నిండాయి, మెట్లు దిగుతుంటే మోకాలు టకటకమంటోంది. ఇదే ఆఖరని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఈసారి వాడే కెప్టెన్ అని ఉత్తరం వచ్చింది. సోమవారం రైలు.

"నానమ్మా, ఈపారి నిన్ను సంప. కెప్టెన్ అయినోడు అబద్ధం రాసి పోతడా?" అన్నాడు.

దేశం తరఫున ఆడటానికి పది రోజులు కావాలని ఉన్నదున్నట్టు రాసిచ్చాడు. మర్నాడే కాగితం తిరిగొచ్చింది. లిస్టులో లేదు.

శనివారం నేనే బస్సెక్కి ఆఫీసుకు పోయాను. సీమోనును వెంటబెట్టుకుని గదిలోకి వెళితే వెంకటనారాయణ గారు లేచి నిలబడ్డారు.

"అక్కగారూ, మీరా?"

"అక్కను గాదు బాపూ. పోయినదాన్ని నేనే. మూడుపార్లు నేనే."

ఆయన నా మొహం చూశారు. తర్వాత సీమోను ముక్కు చూశారు.

"మరి గా ముక్కు?"

"సింగపూర్ల ఇరిగింది."

"ఏడ్చి గాదా?"

"ఆడు ఏడ్వడు బాపూ. మైదానంకెళ్లి వచ్చినంక నేనేడుస్త."

ఆయన సొరుగు లాగారు. ఆ లిస్టు తీసి పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివారు. క్యారమ్స్ దగ్గర వేలు ఆగిపోయింది. తలుపు దగ్గరికి వేశారు.

"అమ్మా, నిజానికి లీవిచ్చే పవర్ నాకు లేదు" అన్నారు. ఒక తెల్లకాగితం సీమోను ముందు పెట్టారు. "రాయ్ బిడ్డా. మా నానమ్మకు అక్క..." నావైపు తిరిగి, "అక్క ఉన్నదా అమ్మా?" అని అడిగారు.

"ఉన్నది. మొన్న మీకు కనవడ్డది గదా!" అన్నాను.

"పాపం, మంచిది" అన్నారు. "కింద సాక్షి సంతకం గావాలె."

కూడబలుక్కుంటూ కాశమ్మ అని రాశాను. సీలు పడింది. నాలుగో చావుకు సాక్షిని కూడా నేనే!

కాబట్టి సర్కారు వారికి నా మనవి. ఆ లిస్టు మార్చకండి! మైదానాలెందుకు, కోచ్‌లెందుకు? ఇంటికొక నానమ్మ ఉంటే చాలదా?

ఇక మీకు ఒక్క మాట. సెలవు పది రోజులూ అయిపోగానే, వచ్చే గురువారం పొద్దున సీమోను నాంపల్లిలో దిగుతున్నాడు. నేను ఎలాగూ వెళతాను. బతికున్నవాళ్లు కూడా ఒకరిద్దరు రండి. పోయినదాన్ని ఒక్కదాన్నే చప్పట్లు కొడితే, ఆ నలిగిన చెవులకు వినబడదు.