తోక ఊపితే మన మనిషి

ఇకపై ఈ రాష్ట్రంలో లావుపాటి కుక్క గానీ, బొద్దుపాటి పిల్లి గానీ కనిపించబోదని పశుసంవర్ధక మంత్రిగారు సభాముఖంగా ప్రకటించారు. "హెల్దీ వెయిట్ మిషన్ మా ఇంటినుంచే మొదలు. మా బంతిని రెండు నెలల్లో సన్నబరిచి ఇదే వేదిక మీద తూకం వేయిస్తాను," అన్నారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. బంతి అనే ఆ కుక్క నిలబడే ఓపిక లేక సోఫాలో పడుకునే వాటిని స్వీకరించింది.

మాది మంత్రిగారి ఎదురిల్లు. మా ఇంటికి పేపరు రాదు, ఆయన వరండాకు ఆరు వస్తాయి. అందువల్ల ఆయన ప్రజాసేవను దగ్గరుండి చూసే భాగ్యం రోజూ నాకు దక్కుతోంది.

మర్నాడే పశువుల డాక్టరమ్మ వచ్చి బంతిని తడిమి చూసింది.

"పక్కటెముకలు చేతికి తగలాలి సార్. దీనికి ఎక్కడున్నాయో తెలియడం లేదు. గుండె మీద భారం పడుతోంది. ఇలాగే ఉంటే ఏడాది తిరగదు."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఆ కుక్కంటే ఆయనకు నిజంగానే ప్రాణం. "ఎంత ఖర్చయినా ఫర్వాలేదమ్మా."

"ఖర్చేం లేదు సార్. రెండు పూటలా కొలిచి పెట్టాలి, రోజూ నడిపించాలి, మధ్యలో చిరుతిళ్లు మానిపించాలి."

"ఖర్చు లేకపోతే దాన్ని పథకమని ఎలా అంటారమ్మా?" అని ఆయన నొచ్చుకున్నారు.

నడక బాధ్యత పోలీసులు తీసుకున్నారు. భద్రతా కారణాల రీత్యా బంతి జీపులో కూర్చునేది, కానిస్టేబులు పక్కన నడిచేవాడు. నెల తిరిగేసరికి కానిస్టేబులు చిక్కి సగమయ్యాడు. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయని పైకి రిపోర్టు వెళ్లింది.

చిరుతిళ్ల సంగతి వేరు. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పనుల మీద వచ్చినవాళ్లలో ఎవరిని ముందు లోపలికి పంపాలో పీఏ బంతిని చూసి తేలుస్తాడు. అది ఎవరికి తోక ఊపితే వాళ్లు మన మనుషులు. "మూగజీవం అబద్ధం చెప్పదండీ," అంటాడు. అందుకని వచ్చిన ప్రతివాడి జేబులోనూ బిస్కెట్లే. కుక్కకు ఏమీ పెట్టరాదని డాక్టరమ్మ బోర్డు కట్టించింది. బోర్డును కూడా ఖాతరు చేయకుండా పెట్టేవాడే అసలైన అభిమాని అన్న అభిప్రాయం దాంతో స్థిరపడింది.

ఒక కాంట్రాక్టరు కేకుతో ఆమెకు దొరికిపోయాడు.

"ఒక్క ముక్కే మేడమ్."

"అందరూ ఒక్క ముక్కే అంటారండీ. దానికి ఉన్నది ఒక్క పొట్టే."

"అయితే నా ముందువాళ్లని ఆపాల్సింది," అని అతను ముక్క పెట్టేసి లోపలికి వెళ్లాడు.

తూకం రోజు దగ్గరపడింది, బంతి బరువు పెరిగింది. మంత్రిగారు డాక్టరమ్మను పిలిపించారు.

"తూకంలో కుక్కయినా తగ్గాలి, ఊళ్లోంచి మీరయినా కదలాలి."

"మా అమ్మ మంచం మీద ఉంది సార్. ఆవిణ్ణి కదిలించడానికి లేదు, వదిలి వెళ్లడానికీ లేదు. నా మాట వినండి, కొన్నాళ్లు గేటు మూయించండి. ఎవరూ రాకపోతే అదే తగ్గుతుంది."

"గేటు మూస్తే నేను మంత్రినని ఎవరికి తెలుస్తుందమ్మా?"

ఆమె అదృష్టం బాగుంది. ఆ వారమే మంత్రివర్గం మారి, ఆయన మాజీ అయ్యారు. గేటు బార్లా తెరిచే ఉన్నా ఒక్క నరపురుగు రాలేదు. పీఏ కొత్త మంత్రిగారింటికి వెళ్లిపోయాడు. ఆరు పేపర్లు ఒకటయ్యాయి, దాన్నే మాజీగారూ నేనూ పంచుకునేవాళ్లం. పనిలేక ఆయనే బంతిని నడిపించారు, ఆయనే కొలిచి పెట్టారు. ఎవరూ రమ్మనకపోయినా డాక్టరమ్మ మాత్రం వచ్చి చూసి వెళ్తుండేది. ఒకరోజు పక్కలు తడిమి నవ్వింది.

"ఎముకలు తగులుతున్నాయి సార్. ఉండాల్సిన బరువుకు వచ్చేసింది. ఇక దీని గుండెకు భయం లేదు."

బంతి తనంతట తానే మెట్లెక్కి వెళ్లింది. మాజీగారు కళ్లు తుడుచుకున్నారు. నాకూ చాలా సంతోషమేసింది.

ఇంతలో పార్టీలో అసమ్మతి పెరిగి ఆయన్ని మళ్లీ మంత్రిని చేశారు. కుక్కను సన్నబరిచిన అనుభవాన్ని గుర్తించి పాత శాఖతోపాటు ప్రజారోగ్యం కూడా అప్పగించారు. తెల్లారేసరికి వీధినిండా కార్లు. పీఏ తిరిగొచ్చి, బంతిని చూసి నోరు నొక్కుకున్నాడు.

"అయ్యో తల్లీ, ఎంత చిక్కిపోయావు. చూసినవాళ్లు మన రోజులు బాగాలేవనుకోరూ? ఏ డాక్టరండీ దీన్ని చూసింది?"

మధ్యాహ్నానికల్లా డాక్టరమ్మకు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు అందింది.

దాన్ని ఆపించుకుందామని ఆమె వచ్చి మంత్రిగారి వరండాలో నా పక్క కుర్చీలో కూర్చుంది. సాయంత్రం దాకా పిలుపు రాలేదు. మర్నాడూ వచ్చింది.

"నన్ను గుర్తుపట్టలేదా?" అని పీఏను అడిగింది.

"నేను పట్టానమ్మా. అది పట్టాలిగా," అన్నాడతను. బంతి ఎవరిదో కేకు డబ్బాలో తల దూర్చి ఉంది.

ఇంటినుంచి ఫోనొచ్చింది. "వస్తున్నానమ్మా, పని అయిపోవచ్చింది," అని పెట్టేసింది. తర్వాత బ్యాగు తెరిచి, స్టెతస్కోపు పక్కకు జరిపి, ఒక బిస్కెట్ల పొట్లం తీసింది. బంతిని దగ్గరకు పిలిచి, దాని పక్కటెముకల మీద ఒకసారి చెయ్యి వేసింది.

బంతి తోక ఊపింది.

"రండమ్మా, రండి," అంటూ పీఏ తలుపు తీశాడు. "మీరు మన మనిషని ముందే చెప్పొచ్చుగా."