మాస్టారింటి ముందు టెంటు

ఆ శనివారం పొద్దున పూలి వేసుకున్న పథకం చాలా చిన్నది. మాస్టారింటి వరండాలో కాసేపు ఏడవాలి. తర్వాత ఇంటికెళ్లి, రాత్రి డ్యూటీ దిగి వచ్చే మొగుడు లచ్చిరాంకు అన్నం వండిపెట్టాలి. ఆపైన రిహార్సలుకు రావాలి.

మర్నాడు భద్రాచలంలో నాటకం. టేకులపల్లి దగ్గరి లంబాడా తండా నుంచి పాల్వంచకు పనులకొచ్చిన కొందరితో క్రీస్తుదాసు మాస్టారు వేయిస్తున్నారు. అంతకుముందు వాళ్లను పిలిచినవాళ్లందరూ ఒకటే అడిగేవారు: అద్దాల లంగాలు కట్టుకుని రండి, ఆడండి. పెద్దమనుషులు కారు దిగేటప్పుడు వీళ్లు ఆడేవారు, ఎక్కేటప్పుడు ఆడేవారు. పక్కన నిలబడి ఫొటోలు దిగినవాళ్లలో ఒక్కరూ పూలి పేరు అడగలేదు. "నువ్వు మాట్లాడాలమ్మా," అన్నది మాస్టారొక్కరే. గోదావరి వరదలో కొడుకును పోగొట్టుకున్న తల్లి వేషం ఇచ్చారు. నలుగురి ముందు నిలబడి మాట్లాడుతుంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది పూలికి. ఆ గొంతును ఇక వదులుకోదలచుకోలేదు.

చిక్కంతా ఏడుపు దగ్గరే వచ్చింది. "అయ్యో నా కొడకా" అని ఆమె ఏడిస్తే గంపలో కూరగాయలు అమ్ముతున్నట్టుండేది. శుక్రవారం సాయంత్రం మాస్టారు చాలాసేపు ఆలోచించి, "రేపటి రిహార్సల్లో కూడా కుదరకపోతే ఆ వేషం ఫ్లోరెన్స్ వేస్తుంది," అన్నారు. ఫ్లోరెన్స్ నర్సు. చర్చిలో పాడుతుంది. చిటికేస్తే ఆమెకు కన్నీళ్లొస్తాయి. "ఫికర్ చెయ్యకు పూలీ, నీకు నీళ్లబిందె తెచ్చే వేషం ఉంటది," అని ఓదార్చింది కూడా. ఆ ఓదార్పుకే పూలికి నిద్ర పట్టలేదు.

శనివారం పొద్దున్నే మాస్టారు తాళంచెవి పూలికిచ్చి, తెరగుడ్డ కొనడానికి స్కూటరు మీద కొత్తగూడెం వెళ్లారు. నిరుడు భార్య మరియ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆయనొక్కరే. ఆమె పోయిన రోజున వచ్చినవాళ్లందరికీ కుర్చీలు చూపించి, "దయచేసి నిశ్శబ్దంగా ఉండండి," అన్నారు. పాఠం చెప్పే గొంతుతోనే అన్నారు. అందరూ అలాగే ఉన్నారు.

పూలి వరండాలో నిలబడి తెలుగులో ఏడ్చి చూసింది. రాలేదు. విసుగొచ్చి కింద కూర్చుని, కొంగు ముఖం మీదికి లాక్కుని, తండాలో ఏడ్చినట్టు ఏడ్చింది. తండా ఆడవాళ్ల ఏడుపుకు రాగం ఉంటుంది. "యాడీ" అని చచ్చిపోయిన తల్లిని పిలిచేసరికి కడుపులోంచి తన్నుకొచ్చింది.

వీధి చివర పినపాక బస్సు కోసం నిలబడ్డ సోమ్లి అనే లంబాడా ముసలామె ఆ రాగం విన్నది. మూట దించి గబగబా వచ్చి పూలి మెడ చుట్టేసుకుని, చనిపోయిన తన చెల్లెలి పేరు చెప్పి రాగం అందుకుంది. వాళ్లలో మర్యాద అది. ముందు ఏడవాలి, ఎవరు పోయారన్నది తర్వాత అడగాలి. ముందే అడిగితే బేరం చూసి ఏడ్చినట్టుంటుంది. అవతలి మనిషి అందుకున్నాక మధ్యలో ఆపడమూ మర్యాద కాదు. కాబట్టి పూలి బదులు పాడింది. ఆ పాటకు సోమ్లి వెంట ఉన్న ఆడవాళ్లందరూ వచ్చారు. బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, వెళ్లిపోయింది. మళ్లీ బస్సు సాయంత్రమే.

ఎదురింటి ఆదెమ్మ గోడ మీంచి తొంగి చూసింది.

"ఏవండీ, మాస్టారు పోయినట్టున్నారు!"

"నిన్న నాతో మాట్లాడాడు గదే," అన్నాడు ఆమె భర్త వెంకటరామారావు.

"నిన్న మాట్లాడితే ఇవాళ పోగూడదా?"

వెంకటరామారావు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు. ఎవరింట్లో ఏ కార్యమైనా తన చేతుల మీదుగా జరగాలంటాడు. చర్చికి ఫోన్ చేశాడు, టెంటువాళ్లకు ఫోన్ చేశాడు. ఇంటికి తాళం చూసి ఆకలితో వెతుక్కుంటూ వచ్చిన లచ్చిరాం చేతికి కుర్చీల దొంతర ఇచ్చాడు. లచ్చిరాం మోశాడు.

ఫ్లోరెన్స్ వచ్చి రుమాలు కళ్లకద్దుకుంది. సోమ్లి ఆ రుమాలు లాగి పక్కన పడేసి ఆమె మెడ కూడా చుట్టేసింది. కొంగు సందులోంచి పూలికి గుంజలు కనిపించాయి, కుర్చీలు కనిపించాయి, పూలదండ కూడా కనిపించింది. ఆపుదామనుకున్న ప్రతిసారీ మెడ మీద కొత్త చేతులు పడుతున్నాయి. ఆపితే మాత్రం ఏం చెప్పాలి? నాటకానికి ఏడ్చానంటే, చావుతో ఆటలాడిందంటారు. ఇక తల్లి వేషం ఫ్లోరెన్స్‌దే.

మాస్టారు స్కూటరు దిగారు.

"ఏమైందండీ?" అని అడిగారు.

"మాస్టారు పోయాడండీ, పాపం. ఆ గుంజ కాస్త పట్టుకోండి," అన్నాడు వెంకటరామారావు, తాడు ముడి మీంచి కళ్లెత్తకుండా.

మాస్టారు మర్యాదస్థుడు. గుంజ పట్టుకున్నారు. ఏ మాస్టారు అని అడగబోతుండగా ఆదెమ్మ కెవ్వుమంది. వెంకటరామారావు తలెత్తి చూసి తాడు వదిలేశాడు. టెంటు ఒక పక్కకు ఒరిగింది. ఏడుపు ఆగింది.

"మరి పోయిందెవరండీ?" అన్నాడాయన కోపంగా.

అందరూ పూలి వైపు చూశారు. సోమ్లి ఆమె గడ్డం పట్టుకుంది. "ఎవలకోసం ఏడ్చినం బిడ్డా? పేరు తెల్వకుంట నేనెట్ల పోవాలె?"

పూలి మళ్లీ కొంగు ముఖం మీదికి లాక్కుంది. మాస్టారు గుంజ వదలకుండానే, "మా మరియ," అన్నారు.

"మరియమ్మ పోయి ఏడాదైంది గదా మాస్టారూ!" అన్నది ఆదెమ్మ.

"అవునండీ. అప్పుడు నేను ఎవరినీ ఏడవనివ్వలేదు."

సోమ్లికి ఆ పేరు చాలు. ఆయన రెండు చేతులూ పట్టుకుని "మరియా" అని ఎత్తుకుంది. మిగిలినవాళ్లు అందుకున్నారు. పూలి కూడా. గుంజ ఎవరు తీసుకున్నారో తెలియదు, మాస్టారు కింద కూర్చున్నారు. ఎంతసేపని ఎవరూ చూడలేదు.

తర్వాత పూలి టీ గ్లాసుతో ఆయన దగ్గరికెళ్లింది. "తప్పైంది సార్. నేను నాటకం కోసం ప్రాక్టీస్ చేసిన."

"ఇప్పుడు తెలిసిందమ్మా. వీధి మలుపు నుంచే విన్నాను," అన్నారు మాస్టారు. "నీ గొంతని గుర్తుపట్టలేదు. ఎవరికో నిజంగా కష్టమొచ్చిందనుకున్నాను."

వెంకటరామారావుకు ఇంకో చింత పట్టుకుంది. "వేసిన టెంటు ఊరికే విప్పమంటే నాకు మనసొప్పదండీ."

"గట్లయితే నాటకం ఆడుండ్రి," అన్నది పక్కనే కూర్చుని పూలి మాట విన్న సోమ్లి. "బస్సు ఎట్లైన సాయంత్రమేనాయె. ఏం కతకు ఏడిపించిండ్రో చూస్తం."

అప్పటికి బృందంలో మిగిలినవాళ్లు రిహార్సలుకు వచ్చి, టెంటు చూసి బిత్తరపోయి నిలబడి ఉన్నారు. తెరగుడ్డ కట్టారు. ఓదార్చడానికి వచ్చినవాళ్లందరూ అవే కుర్చీల్లో కూర్చున్నారు.

పూలి ఘట్టం వచ్చేసరికి ఆమె గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది. అరవాల్సిన చోట అరుపు రాలేదు. కన్నీళ్లూ రాలేదు, పొద్దున్నే అయిపోయాయి. ఆమె అలాగే నిలబడి, ఎదురుగా ఉన్న ఖాళీ జాగాతో మెల్లగా అన్నది: "నీళ్లు తగ్గినయ్ బిడ్డా. ఇంటికి రా."

వెనక కుర్చీలోంచి ఎవరో పక్కవాళ్లను అడిగారు, "గా పిల్ల పేరేంది?"

"పూలి. నా పెండ్లాం," అన్నాడు లచ్చిరాం. అన్నం సంగతి అతను మర్చిపోయాడు.

తర్వాతి మాట పూలికి గుర్తు రాలేదు. తెర వెనక నుంచి మాస్టారు అందించాలి. అందలేదు. ఓరగా చూస్తే, ఆయన నాటకం కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నారు, భుజాలు కదులుతున్నాయి. ఫ్లోరెన్స్ ఆ కాగితాలు మెల్లగా లాక్కుని, తడిసిన అక్షరాలు కూడబలుక్కుని, మాట అందించింది.

అప్పటి నుంచి ఆ బృందానికి మాటలందించేది ఫ్లోరెన్సే. మాస్టారికి కుర్చీలు వేయించే పని అప్పగించారు.