అత్యవసర మట్టి

రానున్న శనివారం గౌరవనీయ ఆరోగ్యమంత్రి గార్త్ మెల్నిచుక్ గారు మా ఎల్క్ హాలో ఆసుపత్రి కొత్త విభాగానికి స్వహస్తాలతో మొదటి పార మట్టి తీస్తారని ప్రభుత్వం ప్రకటించింది. ప్రకటన నిండా 'చరిత్రాత్మకం' అన్న మాటే. 'డాక్టరు' అన్న మాట మాత్రం కనబడలేదు. కాగితంలో చోటు చాలలేదేమో.

మా ప్రావిన్సులో నీలం పార్టీ పోయి నారింజ పార్టీ వచ్చింది మొన్నటి శరదృతువులోనే. అంతకు ముందు నీలం మంత్రి కూడా ఇక్కడ ఇదే విభాగానికి మట్టి తీశాడు. అప్పుడు గార్త్ గారు ప్రతిపక్షం. చలికోటు వేసుకుని రోడ్డు మీద నిలబడి, పెట్టెలో మట్టి తవ్వితే ఆసుపత్రి మొలవదు, ముందు శని ఆదివారాల్లో ఎమర్జెన్సీ తలుపు తియ్యండి అని గొంతు చించుకున్నారు. ఆ చిరిగిన గొంతు మాకు నచ్చింది. నీలం వాళ్లకు మట్టి కరిపించాం.

అవును, మా ఎమర్జెన్సీకి శుక్రవారం సాయంత్రం తాళం పడితే మళ్లీ సోమవారం పొద్దున్నే తీయడం. నర్సులు చాలరట. అందువల్ల మా జనానికి క్రమశిక్షణ అలవడింది. పనిదినాల్లోనే జబ్బు పడతారు. వాల్టర్ సవాట్‌స్కీ తన మొదటి గుండెపోటును శుక్రవారం తాళం పడే ముందు తెచ్చుకున్నాడు. ఆయన సమయపాలనను ఊరంతా మెచ్చుకుంది. ఆయన భార్య డోరీన్ మెచ్చుకోలేదు. రెండోది ఏ వారం వస్తుందోనని శనివారాలు నిద్ర మానేసి, ఆ తలుపు కోసమే జన్మలో మొదటిసారి నారింజకు ఓటేసింది. వాల్టర్ పుట్టు నీలం. ఎన్నికల రోజుల్లో వాళ్ల ముంగిట రెండు రంగుల బోర్డులూ పక్కపక్కనే ఉండేవి. ఎవరి బోర్డు ముందు పడ్డ తొలి మంచు వాళ్లే ఎత్తిపోసుకునేవారు.

ఇక మట్టి సంగతి. జనవరిలో మా నేలలోకి పార కాదు కదా, గడ్డపార కూడా దిగదు. అందుకే ఇక్కడ చలికాలపు శంకుస్థాపనలన్నీ చెక్కపెట్టెలో పోసిన మట్టిలోనే జరుగుతాయి. మా ఊరికి పెట్టె ఒకటే ఉంది. నలుగురు పెద్దమనుషులు వరసగా నిలబడి తవ్వేందుకు వీలుగా ఆరడుగుల పైన పొడుగుంటుంది. నీలం వచ్చినా నారింజ వచ్చినా అదే పెట్టె, అదే మట్టి. పార మాత్రం మారుతుంది, అంటే రంగు వేస్తారు. మాది పారదర్శక ప్రభుత్వం అని ఇరుపక్షాలూ చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. ప్రతిసారీ పార దర్శనం అవుతూనే ఉంది.

ఈ సామగ్రి అంతా మంచుగడ్డ మీద కర్లింగ్ ఆట ఆడే రింకు వెనక గదిలో ఉంటుంది. తాళం నా దగ్గరుంటుంది.

గురువారం మంత్రిగారి సహాయకుడు బ్రోడీ రాజధాని నుంచి దిగాడు. మట్టిలో వేలు గుచ్చబోయి, వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"ఇది ఇటుక కదండీ."

"రింకులో మంచు కరక్కుండా చూడటం నా పని బాబూ. మట్టికి మినహాయింపు ఏం ఇస్తాం?"

"ఊళ్లో వెచ్చగా ఉండి, వారాంతంలో ఎవరూ వాడని గది ఏదైనా ఉందా?"

ఉంది. ఒక్కటే ఉంది.

ఆ విధంగా ఆ శుక్రవారం సాయంత్రం ఎమర్జెన్సీకి తాళం పడలేదు. మంచం పక్కకు తోసి పెట్టెను పెట్టారు. మట్టి మళ్లీ గడ్డకట్టకుండా కనిపెట్టి ఉండటానికి మారిసెల్ అనే నర్సును ప్రత్యేక ఉత్తర్వుతో పిలిపించారు. లేని నర్సు ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడగలేదు. మార్పు అంటే ఇదే కాబోలు అనుకున్నాను.

శనివారం చలికి మాటలు కూడా గడ్డకడుతున్నాయి. మంత్రిగారి కోసం ఆసుపత్రి వాకిట్లో కాళ్లు కొట్టుకుంటూ నిలబడ్డ జనంలో వాల్టర్ ఛాతీ పట్టుకున్నాడు. వాల్టర్ కదా, నా భుజం మీదికి వాలాడు. నేనూ డోరీన్ ఆయన్ని చెరో పక్కా పట్టుకుని, దీపం వెలుగుతున్న ఆ తలుపులోంచి లోపలికి తీసుకెళ్లాం.

మారిసెల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. శనివారం నాడు మనుషుల పేర్లు కంప్యూటరు తీసుకోదని, తన డ్యూటీ మట్టికి మాత్రమేనని చెప్పింది.

"మట్టికేమైనా అయితే?" అంది డోరీన్.

"చూసుకోవాలండి. మట్టీ, అందులో ఉన్నదీ నా బాధ్యతే."

డోరీన్ వెంటనే మొగుణ్ణి ఎత్తి పెట్టెలో వెల్లకిలా పడుకోబెట్టింది. ఆ కాళ్ల దగ్గర నేనూ ఒక చెయ్యి వేశాను. మారిసెల్ ఒక్క క్షణం పెట్టె వంక చూసి, కన్నీళ్లు తుడుచుకుని, చకచకా ఛాతీకి తీగలు తగిలించింది, నోట్లో మాత్ర వేసింది, ఫోనులో పట్నం డాక్టరును పట్టుకుంది. కంప్యూటరులో 'మట్టి పరిస్థితి ఆందోళనకరం' అని రాసింది. వెంటనే అంబులెన్సు బయల్దేరిందని జవాబు వచ్చింది.

అంబులెన్సు కంటే ముందు మంత్రిగారు వచ్చారు. బయట కెమెరాలు గడ్డకట్టినందువల్ల ఉత్సవం లోపలే చేద్దామన్నారు. నారింజ పారతో, నారింజ మెడపట్టీతో, కెమెరాలోకి నవ్వుతూ నడిచివచ్చి, కిందికి చూడకుండానే పార పైకెత్తారు.

వాల్టర్ కళ్లు తెరిచాడు. చుట్టూ మట్టి. పైన పార. దాని వెనక మంత్రి.

"డోరీన్," అన్నాడు నీరసంగా, "ఇంకా ప్రాణం పోలేదు. మీ పార్టీని కాస్త ఆగమను."

గార్త్ గారు నాయకుడన్న మాట ఊరికే వచ్చిందా? నవ్వు చెదరలేదు. "వాల్టర్, ఒక్క రవ్వ అటు జరుగు," అని, ఆయన బూటు పక్కనుంచి చెంచాడు మట్టి తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. బూటు తగిలి పార అంచున రంగు ఊడింది. అడుగున నీలం.

వాల్టర్ బతికాడు. కొత్త ప్రభుత్వం హయాంలో ఎల్క్ హాలోలో వారాంతపు వైద్యం మొదలైందని ఆదివారం ప్రకటన వచ్చింది. ఆ ప్రకటన చదివి ఆసుపత్రికి వెళితే తలుపుకు తాళం ఉంది. మట్టి రింకుకు తిరిగి వచ్చేసింది.

తర్వాతి శనివారం పొద్దున్నే ఎవరో రింకు తలుపు బాదారు. చూస్తే డోరీన్. ఇంజను ఆపకుండా ట్రక్కు రివర్సులో రింకు ద్వారం దాకా తెచ్చి పెట్టింది. ముందు సీట్లో వాల్టర్, ఛాతీ మీద చెయ్యి.

"ఆ పెట్టెకి ఒక పక్క పట్టు, ఆసుపత్రికి పోవాలి," అంది. "వెనక వస్తున్న కారులో మా పక్కింటి పెన్నర్ల కోడలు కూడా ఉంది. దానికి నొప్పులొస్తున్నాయి."