మాకూ ఒక ఉప ఎన్నిక కావాలి

మీ ఎమ్మెల్యే ఐదేళ్ళూ పదవిలోనే ఉన్నాడా? అయితే మీకు నా ప్రగాఢ సానుభూతి! పార్టీ మారకుండా, అలగకుండా, రాజీనామా చెయ్యకుండా గడువు పూర్తయ్యేదాకా కుర్చీలో కూర్చునే శాసనసభ్యుడి కంటే ప్రజలకు అన్యాయం చేసేవాడు మరొకడు లేడు. ఈ దేశానికి కావలసింది సుస్థిర ప్రభుత్వం కాదండీ, ఉప ఎన్నిక!

కోప్పడకండి. మా పక్క నియోజకవర్గం సంగతి వినండి. అక్కడి ఎమ్మెల్యే ఎవరిమీదో అలిగి రాజీనామా చేశాడు. ఎవరిమీద అలిగాడో ఇప్పుడు ఆయనకే గుర్తులేదు. కానీ ఆరు నెలల్లోపు ఎన్నిక పెట్టాలి కదా! ఆ కొద్దికాలంలో ఎన్ని వైభోగాలు! మంత్రులు బండి దగ్గర నిలబడి మిర్చిబజ్జీలు వేశారు. ఒక మంత్రిగారైతే సెలూన్లో దూరి ఒకాయనకు స్వయంగా గడ్డం గీశారు. ఆ గీయించుకున్నాయన ఇప్పటికీ అప్పుడప్పుడూ చెంప తడుముకుంటాడు. రోడ్డు మీద రోడ్డు, దానిమీద ఇంకో రోడ్డు వేసేసరికి ఇళ్ళు పల్లంలోకి వెళ్ళిపోయి, జనం ఎవరింట్లోకి వాళ్ళు మెట్లు దిగి పోతున్నారు. అభివృద్ధి అంటే అదీ!

మరి మాకు? మాకు ఆశన్న సారు ఉన్నాడు.

ఆశన్న సారు రిటైరైన లెక్కల మాస్టారు. ప్రతిపక్షం. పైగా నిజాయితీపరుడు. ఒక మనిషికి ఇన్ని లోపాలుంటే ఆ నియోజకవర్గం ఎలా బాగుపడుతుంది, చెప్పండి! మా ఊరికీ ఆస్పత్రి ఉన్న టౌనుకీ మధ్య ఎర్రవాగు పారుతుంది. దానిమీద వంతెన కావాలని ఆయన అసెంబ్లీలో అడిగాడు. ‘పరిశీలనలో ఉంది’ అన్నారు. మరుసటి సమావేశాల్లో మళ్ళీ అడిగాడు. ఇంకా పరిశీలనలోనే ఉంది. మా వంతెనను పరిశీలించినంతగా చంద్రుణ్ణి కూడా ఎవరూ పరిశీలించి ఉండరు!

మా ఊళ్ళో బీడీలు చుట్టే లింగవ్వ ఉంది. ఆమె పెనిమిటి భూమయ్యకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలిసిస్‌కని వారానికి రెండుసార్లు వాగు దాటాలి. వానాకాలంలో ట్రాక్టరు ట్రాలీలో నులకమంచం వేసి, దానిమీద ఆయన్ను పడుకోబెట్టి, చక్రాలు మునిగే నీళ్ళలో తీసుకుపోతారు. వాగు మరీ పొంగితే ఆ పూటకు వైద్యం లేదు. ఒళ్ళు ఉబ్బి, ఊపిరాడక, ఆయన మంచంలో కూర్చుని వాగు తగ్గేదాకా ఎగపోస్తూ ఉంటాడు.

పక్క నియోజకవర్గంలో చెల్లెలింటికి వెళ్ళిన లింగవ్వ అక్కడి రోడ్లు చూసి వచ్చి, వాడకట్టు ఆడవాళ్ళందరినీ పోగేసింది. నేను పత్రికల్లో రాసే మేధావిని కనక నన్నూ వెంటేసుకుంది. అందరం ఆశన్న సారు ఇంటికి పోయాం.

“ఏందవ్వా, గింతమంది వొచ్చిండ్రు? పింఛన్ల గురించా?” అన్నాడు సారు.

“కాదు సారూ. నువ్వు రాజీనామ చెయ్యాలె.”

సారు ముఖం పాలిపోయింది. “నేనేం తప్పు జేసిన లింగవ్వా?”

“జేస్తె మంచిగుండు గద సారూ! పక్కాయన తప్పు జేసిండు, ఆళ్ళకు రోడ్లొచ్చినయి. నువ్వేమొ ఏ తప్పు జెయ్యకపోతివి. మా ముసలాయన ఇంకో వానకాలం ఆగుతడో ఆగడో. నీ కాల్మొక్త, దిగిపో!”

నేను గొంతు సవరించుకుని చట్టం వివరించాను. అసెంబ్లీ గడువు ఏడాదిలోపు మిగిలితే ఉప ఎన్నిక పెట్టరు, కాబట్టి సారు ఇప్పుడే దిగిపోవడం అన్నివిధాలా శ్రేయస్కరమని మనవి చేశాను. లోపలినుంచి సారు భార్య గొంతు వినిపించింది.

“ఇచ్చెయ్యరాదుండ్రి! ఉండి మాత్రం ఏం జేస్తుండ్రు?”

ఆ వారంలోనే సారు వెళ్ళి స్పీకరుకు రాజీనామా ఇచ్చి వచ్చాడు.

ఇక చూడండి! స్పీకరు సంతకం ఆరకముందే వాగులో పొక్లెయిన్లు దిగాయి. ఎన్నికల కోడ్ వస్తే కొత్త పనులు మొదలుపెట్టకూడదు, మొదలైనవాటికి అడ్డులేదు. అందుకని కోడ్ రాకముందే కొబ్బరికాయ కొట్టాలని మంత్రులు ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకున్నారు. మా ఒడ్డునుంచి స్తంభాలు లేచాయి, వాటిమీద శ్లాబు పడింది. ఒక మంత్రిగారు వాగు దాకా వచ్చి, భూమయ్య మంచం కోడు భుజాన పెట్టుకుని ఫోటో దిగారు. వెలుతురు చాల్లేదని మంచం దించి మళ్ళీ ఎత్తారు. మూడోసారి ఎత్తబోతుంటే భూమయ్య లేచి కూర్చున్నాడు.

“ఎన్నిసార్లు లేపుతరయ్యా? నేనింక సావలే!”

అధికార పార్టీ తరఫున రైసుమిల్లు సుదర్శన్ సేఠ్ నిలబడ్డాడు. “నన్ను గెలిపిస్తె వంతెన పూర్తయితది” అన్నాడు. గెలిపించకపోతే ఏమవుతుందో ఆయన అనలేదు. అంత మర్యాదస్తుడు! అవతల ఆశన్న సారు స్కూటరు మీద ఊరూరా తిరిగి మళ్ళీ ఓటు అడిగాడు. ఎక్కడికెళ్ళినా కుర్చీ వేసి చాయ్ పోశారు. “నీ అసొంటోడు మల్ల పుట్టడు సారూ” అని కళ్ళొత్తుకున్నారు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మనవాళ్ళు ఓటు వెయ్యదలచుకున్నవాణ్ణి చూసి ఇంతగా ఏడవరే!

లెక్కింపులో మొదటి రౌండు నుంచి చివరి రౌండు దాకా సేఠే ముందున్నాడు. ఆశన్న సారుకు డిపాజిట్టు కూడా దక్కలేదు. మర్నాడు పొద్దున్నే పొక్లెయిన్లు లారీలెక్కి, రాజీనామా జరిగిన ఇంకో నియోజకవర్గానికి వెళ్ళిపోయాయి. మా వంతెన వాగు మధ్యదాకా వెళ్ళి, ఏదో మరిచిపోయినదానిలా అక్కడే నిలబడిపోయింది.

అయినా లాభం లేదంటారా? ఇంతకుముందు భూమయ్య ట్రాలీలో ఎండకు ఎండుతూ వాగు దాటేవాడు. ఇప్పుడు సగందాకా వంతెన కింద నీడపట్టున దాటుతున్నాడు!

లింగవ్వ సేఠ్ దగ్గరికి వెళ్ళి ఆయన్నూ రాజీనామా అడిగింది. “ఏడాది గూడ లేదు గడువు. నేను దిగినా ఎలక్షన్ రాదు, పోవే!” అని ఆయన పగలబడి నవ్వాడట.

అక్కణ్ణుంచి ఆమె తిన్నగా ఆశన్న సారు ఇంటికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. గడప దగ్గరే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“సారూ, నీతోని అబద్ధమాడ. నా ఓటు నీకెయ్యలే. నువ్వు గెలిస్తె మిషిన్లు పోతయేమోనని భయమైంది. సేఠ్‌కే గుద్దిన. మా ఇంట్ల అందరం గట్లనే.”

సారు చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“ఏడ్వకు లింగవ్వా. నేను గూడ ఆయనకే గుద్దిన.”

“నేను గూడ గంతే!” అంది లోపలినుంచి ఆయన భార్య.

ఇప్పుడు చెప్పండి, ప్రజలు తెలివిగా ఓటు వెయ్యరని ఎవరండీ అనేది? ఆ రోజు మా దగ్గర అందరూ వంతెనకే ఓటేశారు, ఆశన్న సారుతో సహా! ఒక్క సుదర్శన్ సేఠ్ మాత్రం సుదర్శన్ సేఠ్‌కు వేసుకున్నాడు.

లెక్కింపులో గెలిచింది ఆ ఒక్క ఓటే.