బీరువా తలుపు మీది నంబరు

శనివారం ఉదయం తొమ్మిది గంటల ఐదు నిమిషాలకు బ్యాంకు గార్డుకు పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఇరవై రెండు రోజుల క్రితం అతని ఇంట్లో పోయిన తుపాకి దొంగతో సహా దొరికింది. వచ్చి తీసుకుపొమ్మన్నారు.

ఫోన్ వచ్చేసరికి గార్డు గడ్డం సగం గీసుకున్నాడు. మిగతా సగం గీసుకుని పది గంటలకు స్టేషన్‌కు వెళ్లాలని, పదకొండుకు తుపాకితో ఇంటికి రావాలని, దానికి నూనె పెట్టి, భోజనం చేసి పడుకోవాలని అనుకున్నాడు.

తుపాకి రెండు గొట్టాలది, అతని సొంతం. ఆ బ్యాంకు సొంత తుపాకి ఉన్నవాడికే గార్డు ఉద్యోగం ఇస్తుంది. తుపాకి పోయిన మర్నాటి నుంచి అతను బ్యాంకు తలుపు దగ్గర కర్ర పట్టుకుని నిలబడుతున్నాడు. మేనేజరు పద్దెనిమిది రోజులు ఊరుకున్నాడు. పంతొమ్మిదో రోజున ఒక ఖాతాదారు తన గొడుగు గార్డు చేతికిచ్చి, "కాస్త చూస్తూ ఉండు" అని లోపలికి వెళ్లాడు. అది చూసి మరో ఇద్దరు ఇచ్చారు. మేనేజరు అద్దాల గదిలోంచి మూడు గొడుగులూ లెక్కపెట్టాడు. సోమవారం పది గంటలకు తుపాకితో కనిపించకపోతే వేరే గార్డు వస్తాడని ఆ సాయంత్రమే చెప్పాడు. వేరే గార్డు అప్పటికే దొరికాడు. అతనికి తుపాకి ఉంది. మీసం కూడా ఉంది.

"బావా, నేనూ వస్తా" అన్నాడు బావమరిది. అతను అక్క ఇంట్లో నాలుగేళ్లుగా ఉంటున్నాడు. వచ్చింది నాలుగు రోజులకు.

"వీణ్ని తీసుకెళ్లకండి" అంది గార్డు భార్య. "వీడు వెళ్లిన పని ఏనాడన్నా ఒక్క పూటలో తెమిలిందా?"

"అక్కా, దొరికిన వస్తువు తెచ్చుకోవడానికి ఎంతసేపు పడుతుందే?"

ఆమెకు వాదించే తీరిక లేదు. గురువారానికల్లా బడికి నలభై చొక్కాలు కుట్టి ఇవ్వాలి. ఏడు అయ్యాయి. తల వంచుకుని ఎనిమిదోదాని కాలరు కుడుతోంది.

స్టేషన్‌లో రైటరు బల్ల మీద తుపాకి పెట్టి ఉంది. రైటరంటే స్టేషన్ రికార్డులు రాసే హెడ్ కానిస్టేబుల్. తుపాకి మెడకు దారంతో ఒక చీటీ కట్టి ఉంది. గార్డు దాన్ని చూడగానే రెండు చేతులూ చాపాడు.

"ఇదే సార్! మడమ దగ్గర బీటిస్తే ఈ రాగితీగ నేనే చుట్టాను."

"సంతోషం" అన్నాడు రైటరు. "తీగ సంగతి తర్వాత. గొట్టం మీద నంబరు చదవండి."

గార్డు చదివాడు. అయిదంకెలు.

రైటరు ఫిర్యాదు కాగితం తీసి, వేలు పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు. "ఇక్కడ ఎనిమిది అంకెలున్నాయి. మిగతా మూడూ దొంగ నమిలేశాడా?"

గార్డు బావమరిది వైపు తిరిగాడు. బావమరిది గోడ మీది గడియారం చూశాడు.

ఆ ఎనిమిది అంకెలు వచ్చిన వైనం ఇది. తుపాకి పోయిన రోజున లైసెన్సు పుస్తకం ఏటా జరిగే తనిఖీ కోసం బ్యాంకు పెద్ద ఆఫీసులో ఉంది. నంబరు గార్డుకు గుర్తు లేదు. ఫిర్యాదు రాయిస్తూ స్టేషన్ నుంచే ఇంటికి ఫోన్ చేశాడు. ఇంట్లో ముఖ్యమైన నంబర్లన్నీ అతని భార్య బీరువా తలుపు లోపలివైపు పెన్సిలుతో రాస్తుంది. ఏ నంబరు దేనిదో రాయదు. తనకు తెలుసు కదా అంటుంది. ఆ వేళకు ఆమె గుండీలు కొనడానికి బజారుకు వెళ్లింది. ఫోన్ తీసింది బావమరిది. గ్యాసు నంబరు, ఫోన్ నంబర్లు పోను తలుపు మీద రెండు మిగిలాయని, ఒకటి అయిదంకెలదని, ఇంకోటి ఎనిమిదని చెప్పాడు.

"పెద్దది చదవమన్నది నువ్వే బావా" అని ఇప్పుడు గుర్తుచేశాడు.

"తుపాకంటే మాటలా? చిన్న నంబరు ఎందుకిస్తారనుకున్నా."

తనిఖీ నుంచి తిరిగొచ్చిన లైసెన్సు పుస్తకం గార్డు జేబులోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టాడు. అందులోవి అయిదంకెలే. గొట్టం మీది అయిదంకెలతో సరిపోయాయి.

"సరిపోయింది కదా సార్. ఇచ్చేయండి."

"ఏం సరిపోయిందండీ? ఈ తుపాకికి లైసెన్సుంది. కానీ ఇది పోయిందని మీరు చెప్పలేదు. పోయిందని మీరు చెప్పినదానికి లైసెన్సు లేదు. అంటే మీకు రెండు తుపాకులు."

"నా దగ్గర ఒక్కటి కూడా లేదు సార్!"

"అది మీ మాట. నేను కాగితం మాట చెబుతున్నా."

లాకప్‌లోంచి దొంగ కడ్డీల దగ్గరికి వచ్చాడు. "సార్, నేను తీసింది ఒకటే. ఒట్టు. రెండోది నా నెత్తిన రుద్దొద్దు."

"నువ్వు నోరు ముయ్యి. నిన్నెవరూ సాక్ష్యం అడగలేదు."

బావమరిదికి సాయం చేయాలనిపించింది. "సార్, మా బావ ఒట్టి అమాయకుడు. ఆ ఇంట్లో నాకు తెలియకుండా గుండుసూది కూడా దాచలేరు. రెండో తుపాకి ఉంటే నాకు తెలియకుండా ఉంటుందా?"

రైటరు కలం తీశాడు. "మీరూ ఆ ఇంట్లోనే ఉంటారా? దాచిన చోట్లన్నీ మీకు తెలుసా? ఇలా వచ్చి కూర్చోండి."

పదకొండు ఇరవైకి ఎస్సై వచ్చాడు. రైటరు రెండు నిమిషాల్లో సంగతంతా చెప్పాడు. లైసెన్సు లేని ఆయుధం అన్న మాట వినగానే ఎస్సై కుర్చీలో కూర్చోబోయి ఆగాడు. ఇద్దరు కానిస్టేబుళ్లకు ఎనిమిది అంకెలూ కాగితం మీద రాసిచ్చి, జీపులో గార్డు ఇంటికి పంపాడు.

"పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట" అన్నాడు గార్డు బెంచీ మీద కూర్చుంటూ.

"నన్నేనా బావా?"

"కాదు. నన్నే అనుకుంటున్నా."

గార్డు భార్య జీపును చూసి తుపాకి తెచ్చారనుకుంది. కానిస్టేబుళ్లకు కుర్చీలు వేసి మంచినీళ్లిచ్చింది. వాళ్లు నీళ్లు తాగి, కాగితం చూపించి, ఈ నంబరుది ఇంట్లో ఉందా అని అడిగారు. ఆమె ఒకసారి చూసింది.

"ఉంది. ఎక్కడికి పోతుంది?"

కానిస్టేబుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎవరు వాడతారమ్మా దాన్ని?"

"నేనే. పదకొండేళ్ల నుంచి. ఈయనకు అది ముట్టుకోవడం కూడా రాదు."

"ఇంట్లోనే వాడతారా?"

"ఇంట్లో కాక బజార్లోనా? వీధంతటికీ తెలుసు. చప్పుడుకు నిద్ర పట్టడం లేదని పక్కింటావిడ రెండుసార్లు గొడవ కూడా పెట్టుకుంది."

చిన్న కానిస్టేబులు గుమ్మం దాకా వెనక్కి జరిగాడు. పెద్ద కానిస్టేబులు గొంతు తగ్గించి, "అమ్మా, కంగారు పడకుండా, మెల్లగా, అదెక్కడుందో వేలితో చూపించండి చాలు" అన్నాడు.

ఆమె కుట్టుమిషను మీద చెయ్యి వేసింది.

పన్నెండు పదికి మిషనును జీపులోకి ఎక్కించారు. నంబరు పైభాగం మీద ఉందని, అది విప్పి తీసుకెళితే చాలని ఆమె అంది. పెద్ద కానిస్టేబులు స్టేషన్‌కు ఫోన్ చేసి అడిగాడు. తల తెచ్చి మొండెం ఇంట్లో వదిలేస్తే అదింకో కేసవుతుందని రైటరు చెప్పాడు. దాంతో తొక్కుడు బల్లతో సహా ఎక్కించారు. కాలరు ఇంకా సూది కిందే ఉంది. చొక్కా ఊడిరాకుండా పట్టుకుని ఆమె కూడా జీపెక్కింది. వీధిలో వాళ్లంతా బయటికొచ్చారు.

"నే చెప్పలా?" అంది పక్కింటావిడ. "ఆ చప్పుడుకు ఏనాటికైనా పోలీసులు వస్తారని!"

స్టేషన్‌లో రైటరు కళ్లజోడు పైకి నెట్టి, మిషను మీది నంబరు ఒక్కో అంకె చదివాడు. ఎస్సై కాగితం చూస్తూ ఒక్కో అంకెకూ తలూపాడు. ఎనిమిదీ సరిపోయాయి. గార్డు లేచి నిలబడి గట్టిగా ఊపిరి వదిలాడు.

"తప్పు నంబరన్నమాట" అన్నాడు ఎస్సై. "కొట్టేసి అసలుది రాయండి. తుపాకి ఇచ్చి పంపండి."

"కొట్టేయడం కుదరదు సార్. ఫిర్యాదు కోర్టుకు వెళ్లిపోయింది."

"అయితే తుపాకి ఇవ్వలేమా?"

రైటరు కాసేపు ఆలోచించాడు. అతనికి ఇరవై ఆరేళ్ల సర్వీసు. "తుపాకి ఇవ్వొచ్చు సార్. దానికి లైసెన్సుంది. పోయిందని ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మన బల్ల మీద ఊరికే ఉంది. సంతకం తీసుకుని ఇచ్చేద్దాం."

"మరి మిషను?"

"పోయిందని ఫిర్యాదు ఉంది. దొరికింది. అదిప్పుడు కేసు సొత్తు. కోర్టు ఉత్తర్వు లేకుండా గడప దాటనివ్వకూడదు."

ఎస్సై పైన తిరుగుతున్న ఫ్యాను వంక కొంతసేపు చూశాడు. తర్వాత రెండు చోట్లా సంతకం పెట్టాడు.

"ఇదెక్కడి న్యాయమండీ?" అంది గార్డు భార్య. "ఇంట్లో ఉన్నదాన్ని మీరే మోసుకొచ్చి దొరికిందంటారా?"

"దొరకబట్టే కదమ్మా మోసుకొచ్చాం" అన్నాడు రైటరు.

లాకప్‌లోంచి మళ్లీ గొంతు వినిపించింది. "సార్, అంటే నా మీద ఇప్పుడు కుట్టుమిషను కేసా? తుపాకి దొంగంటే నలుగురిలో ఓ లెక్క ఉంటుంది. రేపు మావాళ్లకు మొహం ఎలా చూపించను సార్?"

రైటరు తుపాకి మెడకున్న చీటీ తెంపి, గార్డు చేత సంతకం పెట్టించుకున్నాడు.

గార్డు తుపాకి భుజానికి తగిలించుకున్నాడు. భార్య వంక చూసే ధైర్యం చాలక బావమరిది వంక చూశాడు. బావమరిది అప్పటికే బయట జీపు పక్కన నిలబడి ఉన్నాడు.

"కోర్టు ఎప్పుడు తెరుస్తారు?" అని ఆమె అడిగింది.

"సెలవులమ్మా. ఇంకా పదిహేను రోజులు."

"గురువారానికి నలభై చొక్కాలు. బడి పిల్లలు ఒంటి మీద ఏం వేసుకెళ్లాలి? మీ ఉత్తర్వా?"

రైటరు నిబంధనల పుస్తకం తెరిచాడు. రెండు పేజీలు వెనక్కి తిప్పి, ఒక పేజీ ముందుకు తిప్పి, మూశాడు. "సొత్తు స్టేషన్ దాటి బయటికి పోకూడదని ఉందమ్మా. లోపల నడపకూడదని ఎక్కడా లేదు."

సోమవారం ఉదయం తొమ్మిది యాభై రెండుకు గార్డు తుపాకితో బ్యాంకు తలుపు దగ్గర నిలబడ్డాడు. మేనేజరు బయటికొచ్చి, తుపాకిని, రాగితీగను, లైసెన్సును చూసి లోపలికి వెళ్లాడు. వేరే గార్డుకు రావద్దని పది గంటలకు కబురు వెళ్లింది.

అదే పది గంటలకు గార్డు భార్య స్టేషన్ వెనక గదిలో కూర్చుని ఎనిమిదో చొక్కా కాలరు పూర్తి చేసింది. బావమరిది గుడ్డల మూటలు మోశాడు. నలభై చొక్కాలూ బుధవారం సాయంత్రానికే బడికి చేరాయి. ఆ వారం స్టేషన్‌లో నాలుగు ఫిర్యాదులు నమోదయ్యాయి. పదకొండు ఖాకీ ప్యాంట్లకు నడుము వదులు చేశారు.