సంగు మోగని ఊరి సుఖం

జర్మనీ చాలా వెనకబడిన దేశం. ఈ మాట అనడానికి ఈ కాలమ్ ఏ మాత్రం జంకదు!

నమ్మనివాళ్లు మన కోరమండల్ గని కార్మికుల లైన్ ఇళ్లలో ఉండే ఆరోగ్యస్వామిని అడగవచ్చు. బంగారు గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్‌గా చేసి, గని మూతపడ్డాక ఇంటిపట్టున ఉంటున్న ఆయన ఈ వేసవిలో బోఖుమ్ అనే జర్మన్ నగరం చూసి వచ్చాడు. కూతురు నాన్సీ అక్కడ నర్సు.

ఆయన దిగింది ఆదివారం. అంగళ్లన్నీ మూసేసి ఉన్నాయి, వీధిలో పిట్ట లేదు. ఎవరో పెద్ద నాయకుడు పోయినట్టున్నాడని ఆరోగ్యస్వామి మొహం వీలైనంత దిగులుగా పెట్టుకుని నడిచాడు. ఎదురొచ్చిన ముసలమ్మకు దణ్ణం పెట్టి సంతాపం కూడా తెలిపాడు. ఇక్కడ ప్రతి ఆదివారమూ ఇంతేనని నాన్సీ ఇంటికెళ్లాక చెప్పింది. వారానికో బంద్! అదీ పిలుపునిచ్చేవాడు లేకుండా, ఒక్క టైరు కాల్చకుండా! దాన్నీ ఒక బంద్ అంటారా?

మర్నాడు సిగ్నల్ దగ్గర ఎర్రలైటు వెలిగింది. కనుచూపు మేరలో బండి లేదు. అయినా జనం రోడ్డు దాటకుండా నిలబడే ఉన్నారు. పాపం భయపడుతున్నారేమోనని ఆరోగ్యస్వామి తానే ముందు దాటి, చెయ్యి ఊపి రమ్మని పిలిచాడు. ఒక్కరూ కదల్లేదు. మన రాబర్ట్‌సన్‌పేటలో ఆవు కూడా అంతసేపు ఆగదు. స్వేచ్ఛ అంటే ఏమిటో తెలియని మనుషులు!

పోనీ, ఇవన్నీ క్షమించేద్దాం. క్షమించరానిది వాళ్ల గని సంగతి.

ఆ ఊరిదీ మనలాగే గనుల బతుకు. వాళ్లది బొగ్గు, మనది బంగారం, రెండూ మూతపడ్డాయి. మూతపడిన గనిని బుద్ధున్నవాళ్లు ఏం చేస్తారు? మనలాగా వదిలేస్తారు! గనిలోకి దిగే మన షాఫ్టు టవర్ కింద ఇప్పుడు మేకలకు నీడ ఉంది. చుట్టూ పెరిగిన కంపలో పాములకు కాపురం ఉంది. బోల్టులు ఊడదీసుకునేవాళ్లకు ఉపాధి ఉంది. బంగారం తీయగా మిగిలిన సైనైడ్ మట్టి దిబ్బల మీదుగా గాలి వీస్తే ఊరందరి మొహాలకూ ఉచితంగా పౌడరు. ఇక షిఫ్టు సైరన్, మనం సంగు అంటామే, అది నోరు మూసుకోవడంతో తెల్లవారుజామున ఎవరి నిద్రా చెడటం లేదు. కూలికీ, కొలువుకీ బెంగళూరు రైలెక్కేవాళ్లు ఎలాగూ చీకటితోనే లేస్తారు కాబట్టి వాళ్లకు సంగుతో పని లేదు.

ఇంత సుఖాన్ని కాలదన్నుకుని బోఖుమ్ వాళ్లేం చేశారో తెలుసా? టవర్‌కు రంగు వేశారు! దాని మీది చక్రానికి నూనె పెట్టారు! మ్యూజియం అని పేరు పెట్టి బడిపిల్లలకు చూపిస్తున్నారు! పోయిన గనిని పట్టుకుని ఇంకా వేలాడే దేశం ముందుకెలా పోతుంది?

ఆ మ్యూజియంలోనే ఆరోగ్యస్వామి ఇరుక్కున్నాడు. ఒక మధ్యాహ్నం అన్నం తింటుండగా ఊళ్లో సైరన్ మోగింది. పనిచేస్తోందో లేదోనని అక్కడ అప్పుడప్పుడూ మోగించి చూస్తారట. ఆ సంగతి ఆయనకు తెలియదు. వేళ కాని వేళ సంగు మోగితే గని లోపల ఎవరికో ఏదో అయిందని మాత్రమే తెలుసు. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండా, లుంగీ ఎగగట్టి, వీధి చివర కనిపించే టవర్ వైపు పరుగు తీశాడు.

గేటు దగ్గరున్న అమ్మాయిని తెలుగులోనే అడిగాడు: "లోపల ఎవురుండారమ్మా?"

మ్యూజియం చూడాలని ఇంత ఆత్రపడే మనిషిని ఆ పిల్ల ఎన్నడూ చూసి ఉండదు. మురిసిపోయి, తలకు హెల్మెట్ పెట్టి, బడిపిల్లలతో పాటు గనిలోకి దింపే కేజ్‌లోకి ఎక్కించి కిందికి పంపింది.

కింద గైడుగా ఉన్న ముసలాయన పేరు డీటర్. ఆయనా ఒకప్పుడు గనిలో దిగినవాడే. వెనకాలే రొప్పుతూ వచ్చిన నాన్సీ జరిగింది చెబితే ఆయన నవ్వలేదు. సైరన్ విని పరుగెత్తుకొచ్చిన మనిషిని చూసి చాలా ఏళ్లయిందన్నాడు. తర్వాత, మీ గనిని మీరెలా ఉంచుకున్నారని అడిగాడు.

ఆరోగ్యస్వామి ఒక క్షణం మేకలను తలుచుకున్నాడు.

"మా ఊళ్లోనూ ఇట్లే పెట్టినారని చెప్పు," అన్నాడు కూతురితో. "ఇంగా పెద్దదని చెప్పు. దినామూ సంగు మోగిస్తారని చెప్పు."

నాన్సీ తండ్రి మొహంలోకి చూసి, ఆ అబద్ధాన్ని ఉన్నదున్నట్టు అనువదించింది. డీటర్ ఎంతో సంతోషించి, జనవరిలో ఇండియా వస్తున్నానని, తప్పకుండా చూసి వెళ్తానని చెయ్యి కలిపాడు.

అప్పటి నుంచి ఆరోగ్యస్వామికి తిండి సహించడం లేదు. పోయేది తన ఒక్కడి పరువైతే దిగమింగేవాడు, మాట ఇచ్చింది ఊరి పేరు మీద. టీ అంగడి బచ్చప్పతోనూ, మైక్‌సెట్ ఉమేశ్‌తోనూ మొర పెట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి టవర్ చుట్టూ కంప కొట్టారు. మేకలను బతిమాలి పంపారు. అసలు సంగు ఏ పాత ఇనుములో కరిగిపోయిందో ఎవరికీ తెలియలేదు. ఉమేశ్ తన ఫోన్‌లో ఒక సైరన్ వెతికి, పెళ్లిళ్లకు కట్టే హారన్‌కు కలిపాడు. మొన్న మధ్యాహ్నం ట్రయల్ వేశారు.

మొదట కుక్కలు వచ్చాయి. నీళ్ల ట్యాంకరేమోనని ఒకాయన బిందెతో వచ్చాడు. అందరూ పడీపడీ నవ్వుకుంటున్నారు.

అంతలో లైన్ ఇళ్ల చివర నుంచి మునిలక్ష్మి వచ్చింది. ఆమె భర్త గనిలో రాయి పేలి చనిపోయాడు, అప్పటికి ఉమేశ్ పుట్టనే లేదు. ఈ వయసులో ఆమె చెప్పులు లేకుండా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పరుగెత్తుకుంటూ వచ్చింది. తుప్పు పట్టిన గేటును రెండు చేతులా పట్టుకుంది.

"యావ షాఫ్టప్పా, ఏ షాఫ్టులో?" అని అడిగింది.

ఉమేశ్ ఫోన్ ఆపేశాడు. ఆరోగ్యస్వామి ఆమెను అరుగు మీద కూర్చోబెట్టాడు. "యావ షాఫ్టూ కాదక్కా, ఊరికే మోగించినాం," అని ఆయన రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. బచ్చప్ప టీ తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

కాబట్టి డీటర్ గారూ, మీరు నిశ్చింతగా రండి. మీ ఊళ్లో టవర్‌కు రంగు ఉంది, చక్రానికి నూనె ఉంది, సైరన్ ఉంది. అది మోగితే పరుగెత్తుకొచ్చేవాళ్లు లేరు. మా ఊళ్లో పరుగెత్తుకొచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. మిగతావి మాత్రమే లేవు.