కట్టేసిన మబ్బు

ఆ శుక్రవారం ఉదయం రామాంజులు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఒక మబ్బును అచ్చు వేయాలి, దాన్ని ఆరబెట్టాలి, సోమవారం దాన్ని కొనడానికి బెంగళూరు నుంచి వచ్చే బసప్ప చేతిలో పుస్తకం పెట్టాలి. అంతే.

అనంతపురం జిల్లా యాడికి ఊళ్ళో అవి ఎనభైల మొదటి కరువు రోజులు. మద్రాసులో చిత్రకళ చదువుకుని ఇంటికి తిరిగి వచ్చిన రామాంజులుకు, ఎద్దుల్ని అమ్మేయగా ఖాళీ అయిన పశువుల కొట్టమే పనిశాల అయింది. పాత గడ్డి వాసన పోలేదు; దాని పక్కన కొత్త సిరా వాసన వచ్చి కూర్చుంది. అక్కడ అతడు వాన గురించి ఒక పుస్తకం తయారు చేస్తున్నాడు. అందులో అక్షరం ఉండదు, పుటకొక బొమ్మ ఉంటుంది. గుడ్లు మోసుకుపోయే చీమలు, చూరు కింద బారులు తీరిన బిందెలు, గొంగడి కప్పుకొని గొర్రెల మధ్య ఒదిగిన కాపరి, ఒడ్డు ఒరసి పారే పెన్న. వాన మొహం చూసి చాలా కాలమైంది కనుక అన్నీ చిన్నతనంలోంచి తవ్వి తీసిన బొమ్మలే.

ఆ పుస్తకానికి కాగితం కూడా కొన్నది కాదు. కాలం చేసిన నాయన పాత పంచెల్ని నానబెట్టి, దంచి, గుజ్జు చేసి, తన చేతులతో తీసిన కాగితం అది. పంచెలు ఒక్క పుస్తకానికే సరిపోయాయి. చెక్క కూడా ఒక్కటే, కొట్టం తలుపు పలక. ఒక బొమ్మ చెక్కడం, అచ్చు తీయడం, చిత్రిక పట్టి దాన్ని చెరిపేయడం, అదే పలక మీద ఇంకో బొమ్మ మొదలుపెట్టడం. అందువల్ల అచ్చయిన పుట పోయిందంటే మళ్ళీ రాదు. పదకొండు బొమ్మలు మోసి మోసి పలక పలచబడింది. కడపటి బొమ్మ, నల్లటి మబ్బు, చెక్కి సిరా పూసి పడుకున్నాడు. తెల్లవార్లూ వీచిన పడమటి గాలికి అది కాస్తా వంగి కూర్చుంది.

"ఏమయ్యా, పలక అప్పడం మాదిరి లేచిందే!" అంది భార్య హనుమంతమ్మ.

"తడిపి, బిగించి కట్టి, బరువు పెడితే సాపుగా అయితాది. నీ రోలు కావల్ల."

"మీ నాయన పంచెలు పాయె, కొట్టం తలుపు పాయె. ఇంగ నా రోలు గూడ పుస్తకంలోకేనా?"

"రెండు దినాలే హనుమా. సోమవారానికి నీ రోలు నీకే."

పలక వెనుక తడిగుడ్డ పరిచి, అడ్డంగా రెండు బద్దలు వేసి, కొత్త తాడుతో గట్టిగా బిగించి, మీద రోలు ఎక్కించాడు. తాళ్ళ సందుల్లోంచి నల్లమబ్బు బయటికి చూస్తూనే ఉంది. అచ్చయిన పుటల్ని వాకిట్లో తీగ మీద వెదురు చీలికలతో బిగించి ఆరవేశాడు. నూనె సిరా ఆరడానికి దాని సమయం అది తీసుకుంటుంది. అన్నీ అమర్చుకున్నాక నడుము మీద చేతులు పెట్టుకుని, ఆకాశం వైపు చూసి, పైకే అన్నాడు: "సోమవారం దాకా వాన రాకుంటే చాలు దేవుడా!"

ఆ సీమలో అటువంటి వేడుకోలు ఏ నోటా వినపడదు. మజ్జిగ కోసం చెంబు పట్టుకుని అప్పుడే గడప తొక్కిన పక్కింటి ఓబమ్మకు అది వినపడింది. ఆమె రామాంజులును చూసింది. రోలును చూసింది. రోలు కింద తాళ్ళతో కట్టి ఉన్న మబ్బును చూసింది. ఇటుకల బట్టీల వాళ్ళు తమ ఇటుకలు తడవకుండా వానను కట్టేస్తారన్న మాట ఓబమ్మ పుట్టినప్పటి నుంచి వింటున్నదే. కట్టేసిన వానను కళ్ళారా చూడడం మాత్రం ఇదే మొదటిసారి. మజ్జిగ అడగకుండానే వెనుదిరిగింది.

మొదటి ఇంటి దగ్గర ఆమె, "రామాంజులు మబ్బు బొమ్మను కట్టి పెట్టినాడు" అంది. రెండో ఇంటికి వచ్చేసరికి బొమ్మ జారిపోయి మబ్బు మాత్రమే మిగిలింది. వీధి చివరకు చేరేసరికి, "సోమవారం బెంగళూరోళ్ళు వచ్చి మన మబ్బును తీస్కపోతారంట!" అయింది. నీళ్ళ విషయంలో బెంగళూరు వైపు నుంచి ఏ కబురు వచ్చినా నమ్మడానికి ఆ ఊరు ఎప్పుడూ సిద్ధంగానే ఉండేది.

అదే రోజు ఆడవాళ్ళు రోకలికి వేపాకు చుట్టి, కప్పను కట్టి, వాన కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నారు. వచ్చిన కప్పతల్లి మీద ప్రతి గడపా బిందెడు నీళ్ళు పోయాలి, అది ఆచారం. డప్పు చప్పుడు రామాంజులు వాకిట్లోకి వచ్చింది. నీళ్ళ బిందె ఎత్తుకుని బయటికి వచ్చిన హనుమంతమ్మకు, కప్పకూ బిందెకూ నడుమ వేలాడుతున్న పుటలు కనిపించాయి.

"అయ్యయ్యో, ఈడ చుక్క నీళ్ళు పడగూడదు! ఎనకపక్కకు రాండమ్మా!"

డప్పు ఆగిపోయింది. కప్పకు నీళ్ళు నిరాకరించిన ఇల్లు ఆ ఊళ్ళో అంతకు ముందు లేదు. ఓబమ్మ అందరి మొహాలూ ఒకసారి చూసి, "నేను జెప్తే నమ్మితిరా?" అంది.

కాసేపటికి ఊరి రైతు సుంకన్న వచ్చాడు. అతని వెనుక సగం ఊరు ఉంది. ఆరుద్ర కార్తె సగం గడిచిపోయింది. ఒలిచిన వేరుశనగ విత్తనం ఇళ్ళల్లో మూటలుగా ఉంది. సుంకన్న కోపం మనిషి కాడు. ఆ రోజు మాత్రం తలగుడ్డ విప్పి భుజం మీద వేసుకున్నాడు.

"ఏమప్పా రామాంజులూ, ఆ రోలు కింద ఉండేది ఏంది?"

రామాంజులుకు జనాన్ని చూస్తే మాట తడబడుతుంది. అబద్ధం అసలే రాదు. "మబ్బు, మామా."

"యాల కట్టేసినావు?"

"కట్టకుంటే నిలబడదు మామా. లేచిపోతాది."

జనంలో గుసగుస పుట్టింది.

"ఎన్నాళ్ళట్ల పెడతావు?"

"సోమవారం దాకా. బెంగళూరు నుంచి సారు వస్తాడు గదా, ఆయన చూసినాక..."

"ఇప్పుడే విప్పితే ఏమైతాది?"

"నా పనంతా నీళ్ళ పాలే, మామా!"

"విన్నారు గదప్పా!" అన్నాడు సుంకన్న వెనక్కి తిరిగి. "విప్పితే నీళ్ళొస్తాయని ఆయప్పే చెప్తాండాడు."

హనుమంతమ్మ అడ్డం వచ్చింది. "ఏం మనుషులప్పా మీరు! అది చెక్క! మా కొట్టం తలుపు!"

"తలుపయితే విప్పేదానికేమి నొప్పి?" అంది ఓబమ్మ.

తడి ఆరకుండా విప్పితే పలక ఇక ఎన్నటికీ సాపు కాదు. ఆఖరి పుట లేని పుస్తకాన్ని బసప్ప ముందు పెట్టాలి. రామాంజులు సుంకన్న మొహం చూశాడు. ఆ మొహంలో కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. ఎద్దుల్ని అమ్మిన నాడు తన నాయన మొహం కూడా అలాగే ఉండేదని గుర్తొచ్చింది. మెల్లగా వంగి రోలు దించాడు. ముడి విప్పాడు. పలక ఠప్పుమని లేచి, మొదటి కన్నా ఎక్కువగా వంగింది. జనం ఒక్కసారి పైకి చూశారు. ఆకాశం ఎప్పటిలా తెల్లగా, శుభ్రంగా ఉంది. కాసేపు నిలబడి, ఒకరి మొహం ఒకరు చూడలేక, ఎవరి దారిన వారు వెళ్ళిపోయారు.

రామాంజులు వంకర పలకను ఒళ్ళో పెట్టుకుని కొట్టంలో కూర్చున్నాడు. మధ్యాహ్నం తిరిగాక, నెలరోజులుగా ఊపిరి తీసుకోకుండా వీస్తున్న గాలి ఆగింది. ఆ నిశ్శబ్దానికి వీధి కుక్కలు సైతం లేచి నిలబడ్డాయి. తాడిపత్రి వైపు నుంచి చీకటి కదిలి వచ్చింది. మొదటి చుక్క హనుమంతమ్మ ముక్కు మీద పడింది.

"ఏమయ్యా! వానా! నీ పుటలూ!"

ఊరంతా వీధిలోకి దుమికింది. ముసలివాళ్ళు నోళ్ళు తెరిచి నిలబడ్డారు. పిల్లలు మట్టి వాసనకు కేకలు పెట్టారు. ఆ సంతోషంలో మొదట సుంకన్న కంటికే తీగ మీద కొట్టుకుంటున్న పుటలు కనిపించాయి. "యో, ఆ బొమ్మలు తడుస్తాండాయి, పట్టండప్పా!" అని అరిచాడు. పొద్దున తగాదాకు వచ్చిన వాళ్ళే వాకిట్లోకి ఉరికారు. ఒకరు తలగుడ్డ కింద, ఒకరు కొంగు చాటున, ఒకరు గొంగడిలో చుట్టి, చేతికందిన పుటతో దగ్గరి ఇంట్లోకి పరుగెత్తారు. రామాంజులు కొట్టంలోంచి వచ్చేసరికి తీగ మీద వెదురు చీలికలు మాత్రమే ఊగుతున్నాయి.

మర్నాడు పుటల్ని అడుక్కోవడానికి బయల్దేరాడు. సుంకన్న ఇంట్లో చీమల బొమ్మ గోడకు ఎక్కింది. నాలుగు మూలలా పసుపు బొట్లు పెట్టి ఉన్నాయి.

"మామా, నా పుట..."

"వాన ఎంబడి ఇంట్లోకి వచ్చిన పటం. ఎట్లిచ్చేదప్పా? నువ్వే చెప్పు."

రామాంజులు బయటికి నడిచాడు. రెండో ఇంట్లో బిందెల బొమ్మకు హారతి ఇస్తున్నారు. మూడో ఇంటి గడప అతడు తొక్కనే లేదు. తిరిగి వచ్చేసరికి వాకిట్లో ఓబమ్మ కాచుకుని ఉంది. వాన పడిన వేళ ఆమె తన పిడకల్ని కాపాడుకోవడానికి పరుగెత్తింది. పుట ఏదీ దక్కలేదు.

"మబ్బును కనిపెట్టిందే నేను. నాకే పటం లేకపాయె!"

రామాంజులు మిగిలిన ఒక్క కాగితం తీశాడు. వంకర పలకకు సిరా పూసి, గరిటె వెనుకతో రుద్ది, అచ్చు తీశాడు. అంచులు నల్లగా వచ్చాయి; వంపు పడిన నడిమి భాగం తెల్లగా మిగిలిపోయింది.

"నాకు మాత్రం తూటు పడిన మబ్బా?"

"వాన దాంట్లోంచే కదా వదినా పడింది."

ఓబమ్మ ఆలోచించింది. అది న్యాయంగానే తోచింది. పటాన్ని కొంగుతో కప్పుకుని వెళ్ళిపోయింది.

సోమవారం తాడిపత్రి బస్సు దిగిన బసప్ప చేతిలో రామాంజులు ముతక గుడ్డ అంటించిన అట్ట పెట్టాడు. బసప్ప దాన్ని తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూశాడు.

"ఇది అట్ట. లోపల పుస్తకం ఎక్కడ ఉంది రామాంజులూ?"

"ఊర్లో ఉండాది సార్."

ఇద్దరూ బురదలో బయల్దేరారు. మొదటి పుట సుంకన్న ఇంట్లో. విత్తనం పడిన ఇల్లు. అతిథి నిలబడి పోవడానికి వీల్లేదు. కూర్చుంటే బొరుగుల ఉగ్గాని, తింటేనే బొమ్మ. రెండో పుట దగ్గర సంగటి ముద్ద. కాపరి బొమ్మ ముందు బసప్ప చాలాసేపు నిలబడ్డాడు. ఆ ఇంటావిడ దాన్ని ఆకలిగా అర్థం చేసుకుని ఒబ్బట్లు రెండు వేసింది. ఏ పుట ముందు, ఏ పుట వెనుక అని దారిలో రెండిళ్ళ వాళ్ళు పోట్లాడుకుని, తీర్పు కోసం ఆయనకే మళ్ళీ తినిపించారు. కొంటానని అడిగి చూశాడు. "మా వానను బెంగళూరుకు అంపమంటావా సార్?" అని సుంకన్న నవ్వాడు. పెన్న బొమ్మ చేరేసరికి బసప్ప నడుముపట్టీ వదులు చేసుకుని, అరుగు మీద కూలబడి, మిగిలిన పుటలు మళ్ళీ వచ్చి చదువుతానన్నాడు. మాట తప్పకుండా మరుసటి ఏడు వచ్చాడు, స్నేహితుల్ని కూడా వెంటబెట్టుకుని.

తరువాత గోడలకు సున్నాలు మారాయి, కొన్ని మిద్దెలకు సిమెంటు వచ్చింది. నాయన పంచెల కాగితం మాత్రం పసుపు బొట్లతో అలాగే నిలిచింది. ఆ పుస్తకాన్ని పూర్తిగా చదివిన మనిషి నేటికీ లేడు. రామాంజులు కూడా తొమ్మిదో పుట దాటి తినలేకపోయాడు.